దారాషా వాడియాగారు: మన నేలలోని రాతి లెక్క

చీనాదేశము 2025వ సంవత్సరము ఏప్రిలు నెలలో కొన్ని విరళమృత్తికా లోహములను, వానితో చేసిన అయస్కాంతములను ప్రభుత్వపు అనుమతి లేనిదే దేశము వెలుపలకు పంపరాదని కట్టడి చేసినది మొదలు, మన దేశమున మోటారు కార్ఖానాల యజమానులును ప్రభుత్వశాఖలును ఒక్కసారిగా ఉలికిపడి లేచిరి. అరచేతిలో నిముడునంతటి అయస్కాంతపు ముక్క దొరకక లక్షల ఖరీదుగల బండి కార్ఖానాలోనే నిలిచిపోవునని అంతవరకు ఎందరికో తెలియదు. అంతకు పూర్వమే, 2023లో, మన ప్రభుత్వము 30 ఖనిజములను ఏరి వానికి కీలక ఖనిజములని పేరుపెట్టినది. 2025 జనవరిలో 16,300 కోట్ల రూపాయల వ్యయమునకు సమ్మతించి వానికొరకు ఒక జాతీయప్రణాళికను ఆమోదించినది. పేరు క్రొత్తదేగాని పని క్రొత్తది కాదు. ఈ దేశపు నేలలో ఏ రాయి ఎక్కడ నున్నదో, ఎంత యున్నదో మన లెక్క మనమే వ్రాసికొనవలయునని తలచి, ఇతరులు విశ్రాంతి కోరు అరువదియైదవ యేట ఆ బరువును తలకెత్తుకొనిన పెద్ద యొకరు గలరు. ఆయన తొలి అధిపతియై నడిపిన శాఖకు నేడు ప్రధాన కార్యాలయము సికింద్రాబాదు ప్రక్కనే, బేగంపేటలో, నున్నది. ఆ బాటను నిత్యము పోవు వేలాది జనులలో దారాషా నోషెర్వాన్ వాడియాగారి పేరెరిగినవారు పదిమంది యుందురో లేదో చెప్పలేము.

వాడియాగారు 1883వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీన సూరతు పట్టణమున ఒక పారసీక కుటుంబమున జన్మించిరి. గుజరాతీ భాషలో వాడియా యనగా ఓడలు కట్టువాడు. ఆ వంశమువారు సూరతు, బొంబాయి రేవులలో ఓడలు కట్టి పేరొందిన ప్రజ్ఞావంతులు. టేకుకఱ్ఱతో వారు కట్టిన ఓడలను ఆంగ్ల నౌకాదళమువారు సయితము కోరి కొనిరి. కాని దారాషాగారి తండ్రి ఓడలు కట్టినవారు కారు. ఊరికి దూరముగ నుండు ఒక చిన్న రైలుస్టేషనునకు మాస్టరుగ నుండి తొమ్మండుగురు సంతానమును పెంచిన సామాన్య గృహస్థు. దారాషాగారు వారిలో నాలుగవవారు. సూరతులో గుజరాతీబడిలో అక్షరాభ్యాసము చేసి, పదునొకండవ యేట బరోడాకు తరలిరి. అక్కడ విద్యాశాఖలో పేరున్న అన్నగారి నీడను చదువు సాగినది.

బరోడా కళాశాలలో వారు చదివినది మొదట వృక్షశాస్త్రమును జంతుశాస్త్రమును. భూగర్భశాస్త్రము తరువాత వచ్చి చేరినది. ఆ కాలమున మన కళాశాలలలో ఆ శాస్త్రమును చెప్పువారే అరుదు. చెప్పుటకు పుస్తకము లేదు, చూపుటకు రాయి లేదు. ఆ రాజ్యమున సయాజీరావు గాయకవాడు మహారాజావారు చదువులకు ధనము వెచ్చించినవారగుటచే మ్యూజియములో కొన్ని రాళ్లు, శిలాజములు పేర్చబడి యుండెను. ఆ యువకుడు వానిని చూచియు, తానై పుస్తకములు వెదకియు, చాలవరకు స్వయంకృషిచేతనే ఆ విద్యను గడించెను. 1906లో ఎం.ఏ.తో సమానమగు శాస్త్రపట్టము చేజిక్కినది. సీమకు పోయి చదువుటకు తాహతు లేదు. ఈ లోపము తరువాత వారికి గౌరవమై పరిణమించిన సంగతి ముందు చెప్పెదము.

1907లో జమ్మూలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కళాశాలలో వారికి ఉపాధ్యాయపదవి లభించెను. ఇరువదినాలుగేండ్లయిన నిండని ఆ యాచార్యుడు భూగర్భశాస్త్రముతో పాటు ఆంగ్లసాహిత్యమును గూడ చెప్పవలసివచ్చెను. జీతము స్వల్పము, ఊరు మారుమూలది. మరియొకరైనచో బదిలీకి అర్జీలు పెట్టుకొనుచు కాలము గడపియుందురు. వాడియాగారు అట్లు చేయలేదు. కళాశాల గుమ్మము దాటి నాలుగడుగులు వేసిన శివాలిక్ కొండలు. సెలవు వచ్చినదే తడవుగా సుత్తి చేతబట్టి, సంచి భుజమున వేసికొని, శిష్యులను వెంటబెట్టుకొని వారు కొండకెక్కుచుండిరి. బల్లలపై చూడవలసిన శాస్త్రమును వాగులలో, లోయలలో చూపి చెప్పిరి. ఆ త్రిప్పటలోనే, పూర్వయుగమున ఆ ప్రదేశమున తిరుగాడి నశించిన స్టెగొడాన్ గణేశ యను మహాగజముయొక్క కపాలము, సుమారు మూడు మీటర్ల పొడవుగల దంతముతో సహా, వారి చేతికి దొరికెను. మన గణనాథుని పేరును ఆ జంతువునకు పెట్టినవారు అంతకు పూర్వపు తెల్లదొరలైనను, దాని దంతమును మట్టిలోనుండి తీసి చూపినది జమ్మూలోని ఈ చిన్న పంతులు.

పదునాలుగేండ్లు, 1907 మొదలు 1920 వరకు, వారు జమ్మూలోనే గడిపిరి. ఆ కాలపు ఫలము 1919లో లండను మాక్మిలన్ కంపెనీవారు ప్రచురించిన భారతదేశ భూగర్భశాస్త్ర గ్రంథము. అంతవరకు ఆ విషయమున నున్నవి ప్రభుత్వశాఖవారు తమ ఉద్యోగులకొరకు వ్రాసికొనిన స్థూలగ్రంథములే. విద్యార్థి కొనగలిగినది, చదివి గ్రహింపగలిగినది ఒక్కటియు లేదు. తాను పడిన యిక్కట్టు తన శిష్యులు పడరాదని ఆయన వ్రాసిన ఆ పుస్తకము పెక్కు కూర్పులు పొంది, ఇంచుమించు అర్ధశతాబ్దముపాటు మన కళాశాలలలో ఆ శాస్త్రమునకు ఓనమాలు నేర్పెను. అది ఆంగ్లమున నుండుట నాటి పరిస్థితినిబట్టి తప్పనిది. కాని నేటికిని తెలుగులో అట్టి గ్రంథము, మన గనులను మన మాటలలో సమగ్రముగ చెప్పునది, విద్యార్థికి అందుబాటులో లేకుండుట మన విశ్వవిద్యాలయములకు శోభ కాదు.

1921లో, ముప్పదియెనిమిదవ యేట, వాడియాగారు కలకత్తాలోని భారత భూగర్భపరిశోధనశాఖలో ప్రవేశించిరి. 1851లో ఏర్పడిన ఆ శాఖ దీర్ఘకాలము దొరలకే నిలయమై యుండెను. వారికి పూర్వము అందు పనిచేసిన ప్రమథనాథ బోసుగారు లండనులో చదివివచ్చినవారైనను, తమకంటె తరువాత చేరిన దొరను తమపైకి ఎక్కించుట చూచి పదవిని విడిచిపోయిరి. పిమ్మట మయూరభంజములో ఇనుపరాతిని కనిపెట్టి, టాటాగారికి జాబు వ్రాసి, జంషెడ్‌పురమునకు పునాది వేయించినవారు ఆ బోసుగారే. సీమపట్టము లేకయే ఆ శాఖలో గెజిటెడు ఉద్యోగమందిన తొలి భారతీయుడు వాడియాగారు. సీమచదువు చదువలేదను కొరతయే గౌరవమైనదని పైన జెప్పినది దీనినిగూర్చియే.

ప్రభుత్వమువారు వారిని వాయవ్యహిమాలయమునకు పంపిరి. పూంఛ్, హజారా, కాశ్మీరము, గిల్గితు ప్రాంతములలో వారు ఏండ్లతరబడి గుడారములలో నివసించి, మంచునకు ఎండకు నోర్చి, శిలల వరుసలను పటములపైకి ఎక్కించిరి. హిమాలయపు వరుసలు తూర్పునుండి వాయవ్యముగ సాగి, నంగపర్వతము కడకు వచ్చునప్పటికి ఆకస్మికముగ మోచేయి వంచినట్లు దక్షిణమునకు తిరుగును. ఈ తిరుగుడునకు కారణమేమని పండితులు తర్కించుచుండిరి. రెండు పర్వతశ్రేణులు వేర్వేరు కాలములందు పుట్టి అక్కడ ఒరసికొనినవని కొందరి మతము. వాడియాగారు 1931లో ప్రకటించిన వ్యాసమున వేరొక సమాధానము చెప్పిరి. శ్రేణి యొక్కటియే. మన ద్వీపకల్పమునకు చెందిన ప్రాచీనమగు గట్టిరాతి నాలుకయొకటి ఉత్తరమునకు చొచ్చుకొనియుండగా, ఒత్తిడికి మడతలుపడిన మెత్తని శిలలు, పాతిన గుంజచుట్టు తిరిగిన త్రాడువలె, దానిని చుట్టి వంగినవని వారి సిద్ధాంతము. దీనితో వారి పేరు సీమలకెక్కినది. లండనులోని రాయల్ జియాగ్రఫికల్ సొసైటీవారు 1934లో బహుమతి నిచ్చిరి.

వ్యవసాయదారులగు చదువరులకు వేరొక సంగతి ముచ్చటగ నుండవచ్చును. దేశము మొత్తమునకు నేలల పటమును భూగర్భశాఖ తరఫున 1935లో తయారుచేసినవారిలో వాడియాగారొకరు. మన రేగడినేల ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో, ఎఱ్ఱనేల ఏ రాతి శిథిలమో, ఒండ్రునేల హద్దు లెంతవరకో శిలలనుబట్టి నిర్ణయించిన తొలి పటము లలో నదియొకటి. ఖనిజశాస్త్రము భాగ్యవంతుల గనులకేగాని రైతుకు పనికిరాదను తలంపు సరికాదని దీనివలన తేలుచున్నది.

1938లో ఉద్యోగవిరమణ వయస్సు వచ్చినది. వెంటనే సింహళప్రభుత్వమువారు పిలిచి తమ ఖనిజశాస్త్రజ్ఞునిగ నియమించుకొనిరి. ఆరేండ్లు ఆ ద్వీపమున పనిచేసిరి. ఆ మధ్యకాలమున జరిగిన ఒక సంగతిని మాత్రము మనము విడువరాదు.

భారత సైన్సు కాంగ్రెసునకు 1942లో, బరోడాలో, అనగా వారు చదివిన ఊరనే, వాడియాగారు అధ్యక్షులైరి. మరుసటి యేటికి ఆ సభవారు జవహర్‌లాల్ నెహ్రూగారిని అధ్యక్షులుగ ఎన్నుకొనిరి. ఇంతలో 1942 ఆగస్టు వచ్చెను. దేశమంతటను నాయకులను చెరసాలల పాలుచేసిరి. నెహ్రూగారు అహమ్మదునగరు కోటలో బందీలైరి. 1943 జనవరిలో కలకత్తాలో సభ కూడునప్పటికి అధ్యక్షుడు లేడు. ఆ లోపమును పూరించుటకు వాడియాగారే మరల పీఠమెక్కవలసివచ్చినది. ఆ సభలో వారు ఎన్నుకొనిన విషయము యుద్ధమున ఖనిజముల పాలు. ఇది కాకతాళీయము కాదు. 1942లో జపానువారు మలయాను, బర్మాను ఆక్రమించుటతో మిత్రరాజ్యములకు తగరము, టంగ్‌స్టను దొరకు గనులు చేయిదాటిపోయెను. తుపాకిగుండు ఉక్కును చీల్చవలయునన్న టంగ్‌స్టను కావలయును. రేడియోకు, విమానయంత్రమునకు అభ్రకము కావలయును. ఆ అభ్రకము మన నెల్లూరుజిల్లా గూడూరు తాలూకాలోను, బీహారులోను త్రవ్వినది. సన్నని పొరలుగ చీల్చిన మేలురకపు అభ్రకమునకు నాడు లోకమంతయు మనదేశమునే ఆశ్రయించియుండెను. గూడూరు గనులలో కూలియాడది కొడవలికత్తితో ఒలిచిన పొర లండనుపై తిరుగు విమానములోనికి చేరుచుండెను. ఆమెకు దొరకిన కూలి యెంతో, ఆ పొర సీమలో పలికిన వెల యెంతో పోల్చి చూచినయెడల, ముడిసరుకు నమ్ముకొను దేశపు స్థితి యెట్లుండునో ఎవరును వివరింప నక్కరలేదు.

1944లో వాడియాగారు స్వదేశమునకు మరలివచ్చి ప్రభుత్వమునకు ఖనిజవిషయములలో సలహాదారులైరి. స్వాతంత్ర్యము వచ్చు సమయమున దేశమునకొక ఖనిజవిధానము ఏర్పడవలసియుండెను. గనులను పాలించుటకు 1948లో ఏర్పడిన ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్సునకు వారే తొలి నాయకులు. ఆ సంవత్సరమే ఆగస్టు మాసమున హోమీ భాభాగారి అధ్యక్షతను అణుశక్తి సంఘము ఏర్పడెను. భాభాగారికి యంత్రములు కట్టగల యువకులు దొరకిరి. యంత్రమునకు వలయు రాయి ఎక్కడ నున్నదో చెప్పగల వృద్ధుడు కావలసివచ్చెను. 1949లో అరుదైన ఖనిజములను వెదకుటకు ఒక చిన్న శాఖను ఏర్పరచి దానిని వాడియాగారి చేతిలో పెట్టిరి.

ఆ శాఖయొక్క ఆవశ్యకత బోధపడవలెనన్న తిరువాన్కూరు ఇసుక కథ చెప్పవలయును. పెండ్లి ఊరేగింపులలో పెట్రోమాక్సు దీపము వెలుగుటకు గుడ్డతో నల్లిన తెల్లని బుట్టయొకటి యుండునుగదా. ఆ బుట్టకు పూసినది థోరియపు భస్మము. ఆ థోరియము మోనజైటు అను ఖనిజమునుండి వచ్చును. 1909లో షోంబెర్గ్ అను జర్మనుడు తిరువాన్కూరునుండి వచ్చిన కొబ్బరిపీచునకు అంటుకొనియున్న ఇసుకరేణువులను పరీక్షించి, అందు మోనజైటు నున్నదని కనుగొనెను. పిదప ఆ తీరపు ఇసుక ఓడలలోని కెక్కి సీమకు పోసాగెను. అచ్చట దానిని శుద్ధిచేసి లోహములు తీసి, దీపపుబుట్టలను మరల మనకే అమ్మిరి. మోనజైటులో నూటికి ఎనిమిది తొమ్మిది పాళ్లు థోరియము, సగమునకు మించి విరళమృత్తికలు, కొలదిగ యురేనియము గలవు. అణుశక్తి బయల్పడిన తరువాత ఇసుక విలువ ఒక్కసారిగా మారెను. 1946లో ఎగుమతిని ఆపివేసిరి. 1947లో తిరువాన్కూరు దివాను సర్ సి. పి. రామస్వామి అయ్యరుగారు తమ సంస్థానము స్వతంత్రముగ నుండునని ప్రకటించుటలోను, బ్రిటనుతో జరిపిన సంప్రతింపులలోను ఈ ఇసుకకు గల పాత్ర స్వల్పము కాదు. సముద్రతీరపు ఇసుక ఒక రాజ్యపు గతిని నిర్ణయింపజూచిన సందర్భము మన చరిత్రలో వేరొకటి కనరాదు.

స్వతంత్రభారతము ఇసుకను ఇసుకగ అమ్ముట మానినది. 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ ఏర్పడి, 1952లో ఆలువాలో కార్ఖానా నెలకొల్పబడెను. అచ్చట మోనజైటును కాస్టిక్‌సోడాతో ఉడికించి, విరళమృత్తికలను వేరుచేసి, థోరియమును భద్రపరచి, మిగులు ఫాస్ఫేటును గూడ సరుకుగ మార్చుట ఆరంభమైనది. వాడియాగారి శాఖ ఆ నాటి నుండి దేశమంతటను తిరుగసాగినది. ప్రాయపువారికి ధ్వనిచేయు గీగరు యంత్రములిచ్చి, జీపులలోను కాలినడకను కొండలకు పంపిరి. 1951లో సింహభూములో జాదుగూడ యురేనియము బయల్పడెను. 1967లో దానిని త్రవ్వి తీయుటకు ప్రత్యేకసంస్థ ఏర్పడినది. కనుగొనుటకును తీయుటకును నడుమ పదునారేండ్లు పట్టినవి. గనియన్న అట్లే యుండును. తొందరపడిన లాభము లేదని తెలిసినవాడే ఆ పనికి తగును.

మన తీరముమాట గూడ చెప్పవలయును. ఆంధ్రవిశ్వకళాపరిషత్తు భూగర్భశాఖను నడపిన సి. మహదేవన్‌గారు, పూర్వము నిజాం ప్రభుత్వపు భూగర్భశాఖలో పనిచేసిన అనుభవజ్ఞులు, 1948లోనే విశాఖతీరపు ఇసుకలో మోనజైటు గలదని శాస్త్రపత్రికలో తెలిపిరి. తరువాత శాఖవారు భీమునిపట్టణము, కళింగపట్టణము, భావనపాడు తీరములను కొలిచి లెక్కకట్టిరి. దేశమునందలి మోనజైటు నేడు సుమారు 130 లక్షల టన్నులని అంచనా. రాష్ట్రములన్నిటిలో ఆంధ్రతీరముననున్నదే హెచ్చు. నెల్లూరు అభ్రకపు గనులలోను సమర్‌స్కైటు, బెరిలు వంటి అపూర్వఖనిజములు ఏనాడో కనబడినవి. అభ్రకము త్రవ్వువారు వానిని పనికిరాని రాళ్లని చెత్తకుప్పలపై పారవైచిరి.

ఆ శాఖ 1958లో అణుఖనిజశాఖయని పేరుమార్చుకొని, వాడియాగారి మరణానంతరము, 1970వ దశకమున, ఢిల్లీనుండి మన నగరమునకు ప్రధానకార్యాలయమును తరలించెను. 1998 నుండి అణుఖనిజ అన్వేషణ పరిశోధనా సంచాలకాలయముగ వ్యవహరింపబడుచున్నది. సికింద్రాబాదునకు తూర్పున మౌలాలి దగ్గర 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు దీనికి తోడైనది. దానికి తొలి అధిపతి మనవారగు ఎన్. కొండలరావుగారు. రాయి దొరకుట వేరు, రాయి లోహమగుట వేరు అని తెలియగోరువారు ఆ కార్ఖానాలో జరుగు పనిని గ్రహింపవలయును.

సముద్రతీరమునుండి జిర్కాను ఇసుక బస్తాలలో వచ్చును. దానిని కాస్టిక్‌సోడాతో కలిపి బట్టీలో కాల్చి, నీటితో కడిగి, నత్రికామ్లములో కరగింతురు. అందు జిర్కోనియముతో పాటు హాఫ్నియమను లోహము కవలసోదరునివలె కలసియుండును. నూటికి కొద్దిపాళ్లకు మించదు. రసాయనగుణములలో రెండింటికి భేదము కనుగొనుట కష్టము. కాని జిర్కోనియము న్యూట్రానులను అడ్డక పోనిచ్చును, హాఫ్నియము మ్రింగివేయును. అణుయంత్రమున హాఫ్నియము లేశమున్నను ముప్పే. అందుచే కిరోసినులో కలిపిన ఒక ద్రావకముతో ఆ నీటిని పలుమారులు చిలికి, మజ్జిగనుండి వెన్న తీసినట్లు జిర్కోనియమును తీసి, హాఫ్నియమును నీటిలో విడుతురు. తరువాత వచ్చిన తెల్లపొడిని బొగ్గుపొడితో ఉండలు చేసి క్లోరినులో కాల్చి, వచ్చిన ఆవిరిని మెగ్నీషియముతో కూర్చగా రంధ్రములుగల లోహపు స్పాంజి యేర్పడును. దానిని ముద్దచేసి, గాలిలేని పాత్రలో విద్యుత్తుతో కరగించి, పోతపోసి, సాగదీసి, అతుకులేని సన్నని గొట్టములు చేయుదురు. ఈ విద్యను మనకెవరును చెప్పి యివ్వలేదు. బ్రహ్మప్రకాశ్‌గారి వంటి లోహశాస్త్రజ్ఞులు ట్రాంబేలో చిన్నపాత్రలలో మొదలిడి పెద్దపాత్రలకు తెచ్చిరి. టైటానియముమాటయు నింతే. ఇల్మనైటు ఇసుక మనదేశమున కుప్పలుగ నుండ, టైటానియపు స్పాంజిని చిరకాలము పరదేశమునుండి కొనితిమి. హైదరాబాదు రక్షణ లోహపరిశోధనాలయమువారు కనిపెట్టిన విధానముతో 2011లోగాని కేరళలోని చవరలో కార్ఖానా వెలయలేదు.

అయినను ఈ ప్రశస్తి యంతయు వ్రాసి ఊరకుండుట న్యాయము కాదు. రాతిని లోహము చేయు ప్రతిపనియందును నీరు ఖర్చగును, నీరు చెడును. ఆమ్లముతో చేసినచో నైట్రేటుతో నిండిన నీరు మిగులును, మోనజైటుతో చేసినచో థోరియపు కల్కము మిగులును. కడపజిల్లా తుమ్మలపల్లెలోని యురేనియపు రాయి సున్నపురాతి జాతిది. ఆమ్లము పోసిన రాయియే ఆమ్లమును త్రాగివేయును. కావున సోడాతో ఒత్తిడిపై వండవలసివచ్చెను. టన్ను రాతికి అరకిలో యురేనియమైన రాదు. తక్కినదంతయు బురదయై గట్లు కట్టిన చెరువున చేరవలయును. 2012లో అక్కడ కార్ఖానా పని మొదలైన తరువాత చుట్టుపట్ల గ్రామముల రైతులు తమ బోరుబావుల నీరు చెడినదనియు అరటితోటలు దెబ్బతినినవనియు మొరపెట్టుకొనిరి. సంస్థవారు దానికి తాము కారణము కామని చెప్పిరి. నల్లగొండజిల్లా లంబాపురము, పెద్దగట్టులలో నాగార్జునసాగరపు నీటికి ముప్పని జనులు అడ్డుపడిరి. 2019లో నల్లమలలోని అమ్రాబాదు అడవిలో 83 చదరపు కిలోమీటర్లమేర యురేనియము వెదకుటకు ఢిల్లీలోని అటవీ సలహాసంఘము సూత్రప్రాయముగ ఒప్పుకొనగా, సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ అది కూడదని తీర్మానించినది. పులులున్న అడవి యది, చెంచులున్న అడవి యది. ఈ వివాదములలో ఒక పక్షమును దేశద్రోహులనుట, రెండవ పక్షమును హంతకులనుట మన పత్రికలకు పరిపాటియైనది. మా అభిప్రాయము వేరు. కొలిచి చూచిన నీటి లెక్కను, త్రవ్వుటకు ముందును పిదపను, ఆ గ్రామపు బడిగోడపై తెలుగున వ్రాసి పెట్టిన గాని రైతు నమ్మడు. అతడు నమ్మకుండుట తప్పు గాదు.

వాడియాగారి కాలమున లేని మరియొక గని నేడు మన యిండ్లలోనే యున్నది. పాడైన సెల్‌ఫోనులు, కంప్యూటరులు, బ్యాటరీలు పాతసామానులు కొనువాని తక్కెడకెక్కుచున్నవి. వానిలో కోబాల్టు, నికెలు, లిథియము, విరళమృత్తికలు గలవు. వానిని మరల తీయువారికి 2025 సెప్టెంబరులో ప్రభుత్వము 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహకము నొప్పుకొన్నది. ఇటువంటి పనులకు పరిశోధన సాగించు కేంద్రములలో హైదరాబాదులోని ఐ.ఐ.టి.యు, కంచన్‌బాగులోని అలోహక లోహపదార్థ కేంద్రమును చేర్పబడినవి. విశాఖలో 2023లో జాతికంకితమైన అయస్కాంతపు కార్ఖానా ఏటికి 3,000 కిలోలకు కట్టినది. 2025 నవంబరులో ప్రభుత్వము 7,280 కోట్లతో ఏటికి 6,000 టన్నుల అయస్కాంతములు చేయవలయునని పూనినది. 3 టన్నులెక్కడ, 6,000 టన్నులెక్కడ! ఇసుక మన తీరమున నున్నను, నడుమనున్న బట్టీలు, పాత్రలు, పనివాండ్రు ఇంకను ఏర్పడవలసియున్నారు.

వాడియాగారి చివరి సంవత్సరములు గౌరవములతో నిండినవి. 1957లో రాయల్ సొసైటీవారు వారిని తమలో చేర్చుకొనిరి. మన భూగర్భశాస్త్రజ్ఞులలో ఆ గౌరవమందిన తొలివారు వారే. 1958లో పద్మభూషణమిచ్చిరి. పిదప జాతీయాచార్యులను చేసిరి. 1964లో అంతర్జాతీయ భూగర్భశాస్త్ర మహాసభ ఆసియాఖండమున తొలిసారిగ, న్యూఢిల్లీలో, కూడినప్పుడు ఎనుబదియేండ్లు దాటిన వాడియాగారు దానికి అధ్యక్షులై లోకపు పండితులనందరిని ఆహ్వానించిరి. వయస్సులో తమకంటె పాతికేండ్లు చిన్నవారగు భాభాగారు 1966 జనవరి 24న ఆల్ప్సు పర్వతములపై విమానము కూలి మరణించినవార్త ఆ వృద్ధుని చెవిని పడెను. అయినను వారు చేతిపని విడువలేదు. హిమాలయపు భూగర్భశాస్త్రమునకు ప్రత్యేకసంస్థ యొకటి కావలయునని పట్టుబట్టి 1968లో ఢిల్లీ విశ్వవిద్యాలయమున రెండు గదులంతటి చోటులో దానిని నెలకొల్పిరి. మరుసటి యేడు, 1969 జూను 15వ తేదీన, ఎనుబదియైదవ యేట, ఢిల్లీలోనే కన్నుమూసిరి. ఆ సంస్థ 1976లో డెహ్రాడూనునకు తరలి నేడు వారి పేరనే పరగుచున్నది. 1984లో తపాలాశాఖవారు వారి బొమ్మతో ముద్ర వెలువరించిరి.